‘నవల’ అని కొడితే తెర ఖాళీ: లోపం కీబోర్డుదా, దాని కిందున్నదానిదా?

కావలికి దగ్గర్లోని ఒక తీర గ్రామం నుంచి తెలుగు ఉపాధ్యాయురాలొకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ప్రైవేటు హైస్కూల్లో పాఠాలు చెప్పడంతోపాటు చుట్టుపక్కల బడులకు ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇవ్వడం ఆమెకు రెండో ఆదాయం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు 4 ఏళ్ల క్రితం కొనిచ్చిన ల్యాప్‌టాప్ మీదే ఆ పనంతా జరుగుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకు రాత్రిళ్లు దానిమీదే వీడియో పాఠాలు వింటాడు.

వానాకాలం మొదలైనప్పటి నుంచి కీబోర్డు మొరాయిస్తోందట. ఆమె వాడేది ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు, అంటే భారతీయ భాషలకు ప్రామాణికంగా రూపొందించిన కీల అమరిక. మొదట ‘న’, ‘వ’, ‘ల’ అక్షరాలు గట్టిగా నొక్కితే తప్ప పడలేదు. తర్వాత అసలే పడటం మానేశాయి. “నవల అని కొడితే తెరమీద ఏమీ రావడం లేదు” అని ఆమె రాసిన వాక్యం చదివి నవ్వు వచ్చినా, ఆ మాట చాలా పనికొచ్చింది. స్పేస్ బార్ ఒక్కోసారి తనంతట తానే నొక్కుకుపోయి ఖాళీలు పరుగులు తీస్తాయి. టచ్‌ప్యాడ్ కదులుతుంది కానీ క్లిక్ కాదు. మూత కూడా పూర్తిగా మూసుకోక ముందువైపు సందు కనిపిస్తుంటే, రాత్రిళ్లు దానిమీద నిఘంటువు బరువు పెట్టి ఉంచుతున్నారట. కావలిలో ఒక దుకాణంవారు కీబోర్డు మార్చాలి, రూ.2,800 అవుతుందన్నారు. నెల్లూరులో మరొకరు అయిదు నిమిషాలు చూసి మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) పోయిందని, బాగుచేయడానికి రూ.14,000 అవుతుందని, వద్దనుకుంటే ఎక్స్ఛేంజ్ కింద రూ.3,000 ఇస్తామని చెప్పారు. ఈలోగా ఇంట్లో గొడవ మొదలైంది. కొడుకే దానిమీద టీయో నీళ్లో ఒలకబోసి దాస్తున్నాడని తండ్రి గట్టిగా నమ్ముతున్నారు. తను ఏమీ ఒలకబోయలేదని అబ్బాయి ఒట్టు పెట్టుకుంటున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఏ దుకాణం మాట నమ్మాలి, కొత్తది కొనాలా, వస్తువు పాడైందని తమ్ముడికి తెలిస్తే వెంటనే ఇంకొకటి కొనిపంపుతాడేమోనన్న మొహమాటం ఏం చేసుకోవాలి, అన్నిటికీ మించి అబ్బాయి నిజం చెబుతున్నాడా లేదా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీరు అడిగిన నాలుగు ప్రశ్నలకూ ముందు, అడగకుండా మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయానికి సమాధానం చెప్పాలి. ఇది చదువుతున్నప్పుడు ఆ నిఘంటువు ఇంకా ల్యాప్‌టాప్ మీదే ఉంటే దయచేసి ముందు దాన్ని తీసేయండి. ఛార్జర్ పెట్టి ఉంటే గోడ దగ్గర స్విచ్ ఆపి వైరు ఊడదీయండి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, పరుపుకీ కర్టెన్లకీ కాగితాలకీ దూరంగా గచ్చు మీదో బండ మీదో ఉంచండి. మూత మూసుకోకపోవడం, టచ్‌ప్యాడ్ క్లిక్ కాకపోవడం, కింది వరుస కీలు మొరాయించడం, ఈ మూడూ ఒకే యంత్రంలో ఒకే కాలంలో కనిపిస్తే నేను కీబోర్డును అనుమానించను, మదర్‌బోర్డును అసలే అనుమానించను. లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుకుంటాను.

ఇది నిర్ధారించుకోవడానికి ల్యాప్‌టాప్ విప్పనక్కర్లేదు. ఆపివేసిన యంత్రాన్ని సమతలంగా ఉన్న బల్లమీద పెట్టి, నాలుగు మూలలా వేలితో నెమ్మదిగా తాకి చూడండి. రబ్బరు కాళ్లు నాలుగూ ఆనకుండా ఒక మూల ఊగుతుంటే కింది మూత వంగిందన్నమాట. తర్వాత కళ్లను బల్ల ఎత్తుకు దించి పక్కనుంచి చూడండి. మణికట్లు ఆనించే చోట, అంటే టచ్‌ప్యాడ్‌కు ఇరువైపులా, ఉపరితలం గుమ్మటంలా లేచి ఉందా, అంచుల్లో రెండు ప్లాస్టిక్ పలకల మధ్య గోరు దూరేంత సందు వచ్చిందా గమనించండి. ఈ గుర్తుల్లో ఒక్కటి ఉన్నా మీ చేతిలోది మామూలు రిపేరు కాదు.

ఈనాటి పలుచని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ అనేది అల్యూమినియం రేకు కలిపిన మెత్తని సంచుల్లో సీలు వేసిన లిథియం అయాన్ సెల్‌ల వరుస. వయసు మీరేకొద్దీ, వేడి తగిలేకొద్దీ, ఎప్పుడూ నూరు శాతం ఛార్జ్‌లో నిలబెట్టేకొద్దీ లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. దానికి బయటికి దారి ఉండదు కాబట్టి సంచి నూనెలో వేసిన పూరీలా ఉబ్బుతుంది. సాధారణంగా ఇలాంటి బ్యాటరీ 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యేసరికి అసలు సామర్థ్యంలో చెప్పుకోదగ్గ భాగం కోల్పోతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని రాత్రీ పగలూ ఛార్జర్ పెట్టే ఉంచుతామని, మంచం మీద పెట్టుకునే వాడతామని మీరే రాశారు. పరుపు గాలి రంధ్రాలను మూసేస్తుంది. మే నెలలో మన జిల్లాలో గది ఎంత వేడెక్కుతుందో మీకు వేరే చెప్పాల్సిన పనిలేదు. 4 ఏళ్లు ఇలా గడిచాక బ్యాటరీ ఉబ్బడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక మీ ‘నవల’ సంగతి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘న’, ‘వ’, ‘ల’ వరుసగా ఇంగ్లీషు వీ, బీ, ఎన్ కీల మీద ఉంటాయి. అవి కింది వరుసలో సరిగ్గా మధ్యన, స్పేస్ బార్‌కు పైన, టచ్‌ప్యాడ్‌కు ఎదురుగా ఉండే మూడు పక్కపక్క కీలు. చాలా మోడళ్లలో బ్యాటరీ పరుచుకుని ఉండేది మణికట్ల భాగం కిందే. అది ఉబ్బినప్పుడు మొదట టచ్‌ప్యాడ్‌ను పైకి తోస్తుంది, దాంతో క్లిక్ కావడానికి కావలసిన చిన్న దూరం పోతుంది. తర్వాత కీబోర్డు అడుగున ఉండే సన్నని లోహపు పలకను వంచుతుంది. కీల కింద మూడు పలుచని ప్లాస్టిక్ పొరలుంటాయి. పై పొరకూ కింది పొరకూ వెండి సిరాతో గీసిన విద్యుత్ గీతలుంటే, మధ్య పొరలో ప్రతి కీ కింద ఒక చిల్లు ఉంటుంది. మీరు నొక్కినప్పుడు ఆ చిల్లులోంచి పైగీత కిందిగీతను తాకితే అక్షరం పడుతుంది. పలక వంగినచోట ఆ పొరలు శాశ్వతంగా ఆనుకుపోతే కీ దానంతటదే నొక్కుకుపోతుంది, ఒకదానికొకటి ఎడమైతే ఎంత నొక్కినా పలకదు. మీ స్పేస్ బార్ మొదటి జబ్బుతోనూ, ‘నవల’ రెండో జబ్బుతోనూ బాధపడుతున్నాయని నా అంచనా.

ద్రవం ఒలికినప్పుడు పాడయ్యే తీరు సాధారణంగా వేరుగా ఉంటుంది. కీబోర్డులో ఒక్కో కీకి ఒక్కో తీగ ఉండదు. అడ్డవరుసలుగా, నిలువువరుసలుగా అల్లిన గీతలు ఒకచోట కలిసే బిందువే ఒక కీ. టీ తగిలి ఒక గీత తెగిందంటే దానిమీదున్న కీలన్నీ ఒకేసారి పోతాయి, అవి చూడటానికి ఒకదానికొకటి సంబంధం లేనట్టు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటాయి. చక్కెర ఉన్న ద్రవమైతే నొక్కిన కీ లేవడానికి బద్ధకిస్తుంది, వేలికి జిగురు తెలుస్తుంది. మీ ఉత్తరంలో ఈ రెండు గుర్తులూ లేవు. అంతమాత్రాన అబ్బాయి నిర్దోషి అని నేను తీర్పు ఇవ్వలేను, ఎందుకంటే యంత్రం నా ముందు లేదు. కానీ తండ్రి అతన్ని దోషిగా నిలబెట్టడానికి ఆధారంగా చూపుతున్న ఆ కీలే అతని తరఫున సాక్ష్యం చెబుతున్నాయని మాత్రం ధైర్యంగా అనగలను.

దీన్ని తేల్చుకోవడానికి మంచి మార్గం ఒకటుంది. మెకానిక్ అడుగు మూత విప్పే సమయానికి మీవారినీ అబ్బాయినీ ఇద్దరినీ దుకాణానికి తీసుకువెళ్లండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే కళ్లకే కనిపిస్తుంది, ఇక వాదన మిగలదు. అయితే ఒక జాగ్రత్త. మీది సముద్రానికి దగ్గరి ఊరు. కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో, ఉప్పుగాలికి ల్యాప్‌టాప్ లోపలి చిన్న కనెక్టర్లు కూడా అలాగే పాడవుతాయి. కనెక్టర్ మీద పచ్చగానో తెల్లగానో పొడి కనబడగానే “ఇదిగో, నీళ్లు పడ్డాయి” అని ఎవరైనా అనవచ్చు. చుక్క నీరు పడకపోయినా తీరప్రాంతంలో ఆ పొడి పట్టగలదు. గోధుమరంగు మరక ఒకచోట మొదలై కిందికి పారిన జాడ ఉంటే మాత్రం అది ఒలికిన ద్రవమే. అప్పుడు కూడా ఎప్పుడు ఏం ఒలికిందని అబ్బాయిని అడగడం మెకానిక్‌కు చెప్పడానికే కావాలి. ఏ ద్రవమో తెలిస్తే శుభ్రం చేసే పద్ధతి మారుతుంది.

ఏ దుకాణం అన్న ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. నెల్లూరువారు మోసం చేస్తున్నారని అనను. అయిదు నిమిషాల్లో మూత విప్పకుండా ఇచ్చిన అంచనాకు అంత విలువే ఇవ్వాలని మాత్రం అంటాను. మదర్‌బోర్డు మీద కీబోర్డును చదివే చిన్న కంట్రోలర్ చిప్ ఒకటుంటుంది. పవర్ బటన్‌నూ, ఛార్జింగ్‌నూ, ఫ్యాన్‌నూ చూసుకునేది కూడా చాలావరకు అదే. అది పోతే ల్యాప్‌టాప్ అసలు లేవకపోవడమో, ఛార్జ్ ఎక్కకపోవడమో జరిగే అవకాశం ఎక్కువ. మీది లేస్తోంది, ఛార్జ్ అవుతోంది, తెర, ధ్వని, వైఫై అన్నీ బాగున్నాయి. మూడు అక్షరాల కోసం రూ.14,000 అడిగినవారు ఎక్కడ ఏం పోయిందో చూపించగలగాలి. పైగా ఉబ్బిన బ్యాటరీతో ఉన్న యంత్రాన్ని నెల్లూరు దాకా రైల్లో జనం మధ్య మోసుకువెళ్లడం మంచిది కాదు. కాబట్టి మొదటి పనికి, అంటే బ్యాటరీ తీయించడానికి, కావలి దుకాణమే నయం. తీసుకువెళ్లేటప్పుడు ఏమీ నొక్కకుండా వదులుగా ఉన్న గుడ్డసంచిలో పెట్టుకోండి, స్కూటర్ డిక్కీలో ఎండకు వదలకండి. ఉత్సాహంతో అబ్బాయి వీడియో చూసి తానే విప్పుతానంటే ఒప్పుకోవద్దు. స్క్రూడ్రైవర్ మొన ఆ మెత్తని సంచికి గుచ్చుకుంటే మంటలు రావడానికి క్షణం చాలు. మీరు తీసుకువెళ్లే లోపే తియ్యని ఘాటు వాసనో, పొగో, బుసబుసమనే శబ్దమో వస్తే దాన్ని ఎత్తే ప్రయత్నం చేయకుండా అందరూ గదిలోంచి బయటికి వచ్చి 101కు ఫోన్ చేయండి.

ప్రశ్నపత్రాలన్నీ అందులోనే ఉన్నాయి కదా, ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలని మీకు అనిపిస్తుంది. ఆ ఒక్క పనికోసం ఇప్పుడు ఆన్ చేయకండి. బ్యాటరీ తీసేశాక చాలా ల్యాప్‌టాప్‌లు ఛార్జర్ మీదే నేరుగా నడుస్తాయి, దుకాణంలోనే కాపీ చేసుకోవచ్చు. అలా నడవని మోడల్ అయితే లోపలి డిస్క్‌ను బయటికి తీసి మరో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తీయమనండి.

బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీద నడుస్తున్న ఆ సమయంలోనే కీబోర్డు పరీక్ష కూడా జరగాలి. ఇందులో విండోస్ పాత్ర ఎంతో మొదట తేల్చాలి. డెల్ అయితే ఆన్ చేయగానే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్2 నొక్కితే విండోస్ తెరుచుకోకముందే హార్డ్‌వేర్ పరీక్షల మెనూ వస్తుంది. మిగతా కంపెనీలకు ఆ కీలు వేరు, మెకానిక్‌కు తెలుస్తాయి. అక్కడ కూడా ఆ మూడు కీలు పలకకపోతే సాఫ్ట్‌వేర్‌ను మరచిపోవచ్చు, “ఫార్మాట్ కొడితే సరిపోతుంది” అనే సలహాకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. తర్వాత అయిదారు వందల్లో దొరికే యూఎస్‌బీ కీబోర్డు తగిలించి టైపు చేయండి. దానిమీద అన్ని అక్షరాలూ సరిగా పడితే విండోస్‌లో తప్పు లేదని ఇంకోసారి రుజువైనట్టే. దానిమీద కొడుతున్నప్పుడు కూడా ఖాళీలు పరుగులు తీస్తుంటే పాత కీబోర్డు స్పేస్ బార్ ఇంకా అంటుకునే ఉందన్నమాట. అప్పుడు లోపలి కీబోర్డు పట్టీని మదర్‌బోర్డు నుంచి ఊడదీసి చూడమనాలి. ఊడదీయగానే పరుగు ఆగిపోతే దోషం కీబోర్డుదే. ఊడదీసినా ఆగకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, మదర్‌బోర్డు మాట వినండి.

మీ ఉత్తరంలో ఇంకో రెండు చిన్న ఫిర్యాదులున్నాయి, అవి అసలు రోగాలే కావు. ఉన్నట్టుండి తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు పడటం భాష మారడం వల్ల. విండోస్ కీతోపాటు స్పేస్ నొక్కితే మారుతుంది, తనంతట తానే నొక్కుకుపోయే స్పేస్ బార్ ఉన్నప్పుడు పొరపాటున మారడం మరీ సులువు. ఒక్కోసారి వేగంగా కొట్టిన అక్షరాలు పడకపోవడానికి ఫిల్టర్ కీస్ అనే సదుపాయం కారణం కావచ్చు. కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టి ఉంచితే అది వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘అ’, ‘ఆ’ వంటి అచ్చులకూ ‘ఖ’, ‘ఘ’ వంటి ఒత్తి పలికే అక్షరాలకూ షిఫ్ట్ కావాలి కనుక, దానిమీద వేలు ఆనించి ఆలోచించే అలవాటున్నవారికి ఇది తెలియకుండానే అయిపోతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఆపేయండి.

బ్యాటరీ బయటికి వచ్చాక ఏం చేయాలన్నది మీ చేతిలోని డబ్బునూ మీ పని ఒత్తిడినీ బట్టి ఉంటుంది. కొత్త బ్యాటరీ మాత్రం వేయించి కీబోర్డును అలాగే వదిలి చూడవచ్చు. ఒత్తిడి తొలగితే టచ్‌ప్యాడ్ క్లిక్ తిరిగి వస్తుంది, కీలు కూడా కొన్నిసార్లు కోలుకుంటాయి. పలక వంగిపోయి ఉంటే కోలుకోవు, మళ్లీ విప్పించాల్సి వస్తుంది, విప్పినందుకు మళ్లీ కూలి. అందుకే బ్యాటరీ, కీబోర్డు రెండూ ఒకేసారి మార్పించుకోవడం ఖర్చు ఎక్కువైనా కొందరికి కలిసొస్తుంది. ఇక్కడ ఒకటి అడిగి తెలుసుకోండి. పాత మోడళ్లలో కీబోర్డు మరలతో ఊడి వస్తుంది, ఇప్పటి చాలా మోడళ్లలో పై చట్రానికి ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి అతికిస్తారు. అలాంటిదైతే చట్రంతో సహా మార్చాలి, లేదా బొడిపెలు కోసి కొత్త కీబోర్డును మళ్లీ కరిగించి బిగించాలి. రెండోది చౌకే కానీ చేయి తిరిగినవాడు చేయకపోతే కీలు నొక్కినప్పుడల్లా అడుగు ఊగుతూ ఉంటుంది. రూ.2,800 చెప్పినవారు ఈ రెండింటిలో ఏది చేస్తారో ముందే చెప్పించుకోండి.

అన్నిటికంటే తక్కువ ఖర్చు దారి కూడా ఉంది. బ్యాటరీ తీసేసి, లోపలి కీబోర్డు పట్టీ ఊడదీసి, బయటి కీబోర్డూ మౌసూ పెట్టుకుని బల్లమీద డెస్క్‌టాప్‌లా వాడుకోవడం. మీలా రోజూ టైపు చేసేవారికి పెద్ద కీబోర్డు నిజానికి హాయిగానే ఉంటుంది. నష్టమేమిటంటే కరెంటు పోయిన క్షణంలో ల్యాప్‌టాప్ ఆరిపోతుంది, సేవ్ చేయని పత్రం పోతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అయితే ఈ బాధ చాలావరకు ఉండదు. కొన్ని మోడళ్లు బ్యాటరీ లేకపోతే వేగం తగ్గించుకుంటాయి కూడా. కొత్తది కొనడం చివరిమాటగా ఉంచుకోండి. కొనేపక్షంలో పాతదాన్ని రూ.3,000కు ఇచ్చేముందు దాని డిస్క్‌ను మీ దగ్గరే ఉంచుకోండి. చిన్న కేసులో పెడితే ఆ డిస్కే బయటి నిల్వగా పనికొస్తుంది, మీ ప్రశ్నపత్రాలు పరాయి చేతికి వెళ్లవు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని మీది పార్ట్ నంబరుతో సరిపోల్చి చూసుకోండి. కంపెనీదా, ఇతరులు చేసినదా, ఎన్ని నెలల హామీ అన్నది బిల్లు మీద రాయించుకోండి. బిల్లు ఇవ్వనివారి దగ్గర పని చేయించుకోవద్దు. తర్వాత వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పడానికైనా, నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికైనా ఆ కాగితమే ఆధారం. తీసిన కీబోర్డును అడిగి తెచ్చుకోవచ్చు కానీ ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఇంటికి తెచ్చుకోకండి, చెత్తబండిలో వేయకండి. వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కో, తీసిన దుకాణానికో అప్పగించడమే పద్ధతి.

తమ్ముడి విషయంలో మీరు అనవసరంగా మథనపడుతున్నారు. అతనికి ఫోన్ చేయాల్సిన పని నిజంగానే ఉంది. కొన్న బిల్లు అతని మెయిల్‌లో ఉంటుంది, పొడిగించిన వారంటీ ఏదైనా తీసుకున్నాడేమో అతనికే తెలుసు. మామూలు వారంటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అయినా అడగడంలో పోయేదేమీ లేదు. “కొత్తది వద్దు, బిల్లు పంపించు, బ్యాటరీ మార్పిస్తున్నాను” అని మొదటి మాటలోనే చెప్పేస్తే అతను కొనడానికి ఆస్కారం ఉండదు. దాచిపెడితే రేపు సంక్రాంతికి వచ్చినప్పుడు ఎలాగూ చూస్తాడు.

రిపేరు అయ్యాక ఛార్జ్‌ను 80 శాతం దగ్గరో, ఇంకా ముందో ఆపే ఏర్పాటు మీ మోడల్‌లో ఉందేమో చూడండి. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అని, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ అని ఉంటుంది, మరికొన్నిటిలో బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల మెనూలో, దొరుకుతుంది. ఎప్పుడూ ఛార్జర్ పెట్టే ఉంచక తప్పని మీలాంటివారికి దానికి మించిన మందు లేదు. పరుపు మీద వాడకండి, సముద్రంవైపు కిటికీ దగ్గర రాత్రంతా తెరిచి ఉంచకండి. కీలు తుడవాలంటే చేతుల శానిటైజర్ వాడవద్దు, అందులో గ్లిజరిన్ ఉండి జిగురు మిగులుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి కొద్దిగా అద్ది, ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు తుడిస్తే చాలు.

యూనిట్ పరీక్షల పేపర్లు ఈ వారాంతానికి ఇవ్వాలని రాశారు. అందుకోసం రిపేరులో తొందరపడకండి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు విండోస్‌లోనే ఉంటుంది కాబట్టి మీ బడి కంప్యూటర్‌లో భాషల సెట్టింగ్‌లో తెలుగు చేర్చుకుంటే అక్కడే టైపు చేసుకోవచ్చు. హెడ్‌మాస్టరుగారిని రెండు సాయంత్రాలు గది తాళం అడగండి.